వెన్న రంగు డ్రెస్సు, వసంత రాగం

పొద్దున ఆఫీసుకి బయల్దేరేసరికి స్కూటీ సీటు నిండా గులాబీ రంగు పూలు రాలి ఉన్నాయంటే బెంగళూరులో వసంతం వచ్చినట్టు లెక్క. టబెబుయా అంటారు వీటిని, చిన్న బూరల్లా ఉంటాయి, వాటి సొంత ఊరు మధ్య, దక్షిణ అమెరికా. జర్మనీ నుంచి వచ్చి 1908లో లాల్‌బాగ్ తోట బాధ్యత తీసుకున్న క్రుంబిగెల్ అనే ఆయనకి ఒక ఆలోచన ఉండేదట, ఊళ్ళో ఒక రకం చెట్టు పూత అయిపోయేలోగా ఇంకో రకం పూయాలి, ఏడాది పొడుగునా ఏదో ఒక వీధి రంగులో ఉండాలి అని. తర్వాత 1980ల్లో అటవీ అధికారి నేగిన్‌హాళ్ ఊరంతా లక్షల మొక్కలు నాటించారు. వాళ్ళు వేసిన ప్లాను ముందు నిలబడి మనం ఇప్పుడు ఫోటోలు దిగుతున్నాం. నేనూ దిగాను, ఎందుకు అబద్ధం.

ఆ ఫోటోలో నేను వేసుకున్న డ్రెస్సు గురించే అసలు గొడవ.

ఫిబ్రవరి నుంచి నా ఫోన్ నిండా వసంతకాలం ఫ్యాషన్లే. న్యూయార్క్, లండన్, మిలాన్, పారిస్‌లలో వసంతం బట్టల షోలు సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లోనే అయిపోతాయి, దుకాణాలు సరుకు ఆర్డర్ పెట్టుకోవడానికి ఆర్నెల్లు కావాలి కాబట్టి. అవి మన దాకా వచ్చేసరికి ఇక్కడ ఉగాది. వాళ్ళకి వసంతం అంటే కోటు విప్పి పల్చటి జాకెట్ వేసుకోవడం, మనకి వసంతం అంటే మూడు వారాల చల్లగాలి, ఆ తర్వాత మధ్యాహ్నం రెండింటికి బస్సులో సీటు కాలడం. అయినా వాళ్ళ లిస్టు చూసే మనం కొంటాం. 2025లో వెన్న రంగు అన్నారు, లేత పసుపు, ఎక్కడ చూసినా అదే. ప్యాంటోన్ అనే అమెరికా కంపెనీ 2000 నుంచి ఏటా ఒక రంగుకి కిరీటం పెడుతోంది కదా, 2024కి పీచ్ ఫజ్, 2025కి మోకా మూస్, 2026కి క్లౌడ్ డాన్సర్. ఈ చివరిది ఏమిటో అని ఎంతో ఆశగా చూశాను. తెలుపు. కాస్త మబ్బు పట్టిన తెలుపు. మెట్రో పనులు జరుగుతున్న ఊళ్ళో ఉండేవాళ్ళని అడిగి ఉంటే ఆ రంగు పెట్టేవాళ్ళు కాదు.

నేను తెలుపు జోలికి పోకుండా పాత ట్రెండే బెటర్ అనుకుని ఆన్‌లైన్‌లో వెన్న రంగు కోఆర్డ్ సెట్ ఒకటి తెప్పించుకున్నా. పొట్టి చేతుల షర్టు, వదులు ప్యాంటు, రెండూ ఒకే బట్ట. ప్యూర్ లినెన్ అని రాశారు. వీడియో కాల్‌లో మా అమ్మకి చూపిస్తే (అనంతపురం నుంచి) ఆమె మొదటి మాట, "ఏందిమ్మే ఈ రంగు, పెసరపప్పు నానబెట్టిన నీళ్ళ మాదిరి ఉంది." రెండో మాట, "ఒక పోగు లాగి అంటించి చూడు."

అంటించాను. మా అమ్మకి చీరల మీద తప్ప ఇంక దేని మీదా ఇంత పట్టుదల ఉండదు. నూలో లినెనో అయితే కాగితం కాలినట్టు కాలి, వేలితో నలిపితే మెత్తటి బూడిద అవుతుంది. నా పోగు అలా కాలేదు. ముడుచుకుంది, కరిగింది, చివరికి ఆవగింజంత నల్లటి ఉండ అయి గట్టిపడింది, గోరుతో గిచ్చినా విరగలేదు. పాలిస్టర్. దాన్ని వేసుకుని ఎండలో చెట్టు కింద పావుగంట ఫోటోలు దిగినప్పుడు ఒళ్ళంతా ఎందుకు ఉడికిపోయిందో అప్పుడు అర్థమైంది. "వాపసు ఇచ్చేయ్" అంది అమ్మ. సరే అన్నాను.

ఏప్రిల్ మొదటి శనివారం మెట్రో గ్రీన్ లైన్ ఎక్కి బట్టల కొట్లుండే చిక్‌పేట వెళ్ళాను. ఉగాది అయిపోయింది కదా, రష్ తగ్గి ఉంటుందనుకున్నా. అదేమీ లేదు. భుజాలతో తోసుకుంటూ, పక్కనుంచి తోపుడు బండి వస్తే గోడకి అతుక్కుంటూ, నాలుగు కొట్లు దాటాక ఒక చోట మంగళగిరి కాటన్ తాన్లు కనబడ్డాయి. కొట్టాయన కన్నడంలో మొదలుపెట్టి, నా కన్నడం వినగానే జాలిపడి తెలుగులోకి దిగాడు. చిక్‌పేటలో ఇది మామూలే.

"ఎనభై కౌంటా, వందా?" అన్నాడు. తల ఊపాను కానీ కౌంటు అంటే ఏమిటో నాకు అప్పటిదాకా సరిగ్గా తెలీదు, ఎక్కువైతే మంచిదేమో అనుకునేదాన్ని, అదే అడిగేశాను. ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అంత కౌంటు. అంటే సంఖ్య పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. ఎనభై ఉంటే రోజూ వాడకానికి చాలమ్మా అన్నాడు. తాను విప్పి బట్టని నా చేతి మీద పరిచాడు. అంచున వరసగా చిన్న కోణాలు, నిజాం అంచు అంటారే, అది. ముదురు మామిడిచిగురు రంగు, ఎర్రకీ గోధుమకీ మధ్య. ఏ కంపెనీ ప్రకటించిందో గానీ ఈ రంగు మా పెరట్లో ప్రతి మార్చిలోనూ వస్తుంది. మీటరు 280 అన్నాడు, 260కి వచ్చాడు, మూడు మీటర్లు తీసుకున్నా. కొత్త బట్టకి గంజి వాసన ఉంటుంది కదా, కాస్త పుల్లగా, బియ్యం కడిగిన కుండలాగా, మెట్రోలో కూర్చుని ముక్కు పెట్టి చూసుకుందామనుకుంటూ బయటపడ్డాను.

కానీ చిక్‌పేట స్టేషన్‌కి తిరిగి నడిచే బదులు జనంతో పాటు కొట్టుకుపోయి కె.ఆర్. మార్కెట్ వైపు వచ్చేశాను. పూలు, పళ్ళు, హారన్లు, అరటి ఆకుల కుప్పలు. మార్కెట్ దాటి చామరాజపేట వైపు తిరిగాక ఆ గోల మధ్యలోంచి మైకులో ఒక గొంతు వినపడింది. మాటల్లేవు, ఉత్త రాగం. ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో పందిరి వేసి ఉంది. ప్రతి ఏటా రామనవమికి అక్కడ కచేరీలు జరుగుతాయని విన్నాను గానీ (శ్రీ రామసేవా మండలి 1939లో మొదలుపెట్టింది, అంటే మన స్వాతంత్ర్యం కంటే పాతవి) ఆరేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ ఒక్కసారి కూడా వెళ్ళలేదు. కాళ్ళు నొప్పులు. లోపల కుర్చీలు కనబడుతున్నాయి. నిజం చెప్పాలంటే కుర్చీ కోసమే వెళ్ళాను.

కూర్చున్నాక ఆ రాగం వదల్లేదు. పాడుతున్నాయన ఒక చోట పైకి ఎక్కి, అక్కడ కాసేపు ఊగి, జారుడుబల్ల మీద నుంచి వచ్చినట్టు కిందికి వచ్చేస్తున్నాడు, వయొలిన్ వెనకే వస్తోంది. నేను ఎప్పుడూ చేసే పనే చేశాను, పాట గుర్తుపట్టే యాప్ తీసి ఫోన్ పైకెత్తి పట్టుకున్నా. తిరిగి తిరిగి దొరకలేదు అంది. మళ్ళీ పట్టుకున్నా. మళ్ళీ అదే.

ఇంటికొచ్చాక చదివాను ఎందుకో. వీటికి దారి వేసింది షాజామ్, 2002లో బ్రిటన్‌లో మొదలైనప్పుడు అది యాప్ కూడా కాదు, 2580 డయల్ చేసి ఫోన్‌ని స్పీకర్ దగ్గర పెడితే పాట పేరు మెసేజ్‌లో వచ్చేదట. లోపల జరిగేది వేలిముద్రల వ్యవహారం లాంటిదే. శబ్దంలో ఏ క్షణాన ఏ స్వరస్థాయి గట్టిగా ఉందో చుక్కలు పెట్టుకుని, ఆ చుక్కల అమరిక తన దగ్గరున్న రికార్డింగుల్లో దేనితో సరిపోతుందో వెతుకుతుంది. పాట తెలిసి ఉంటే చాలదు, అదే రికార్డింగ్ అయి ఉండాలి. ఎదురుగా కూర్చుని అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతున్న మనిషి గొంతుకి వేలిముద్ర ఎవరి దగ్గర ఉంటుంది?

పక్క కుర్చీలో పెద్దావిడ నా ఫోన్ వంకే చూస్తోంది. డెబ్బై దాటి ఉంటాయి. బాగా ఉతికి ఉతికి మెత్తబడిన ఇల్కల్ చీర, ఎర్ర కొంగు మీద తెల్లటి గోపురాలు, ఒళ్ళో ఒక లాంగ్ నోట్‌బుక్.

"వసంత," అంది మెల్లగా. "రాగం పేరు. ఆ ఫోను లోపల పెట్టమ్మా, ఇప్పుడు పాట ఎత్తుకుంటాడు."

తెలుగులో చెప్పింది! నా చేతిలో ఉన్న కవర్ మీద తెలుగు అక్షరాలు చూసి కనిపెట్టానంది. వాళ్ళది తరాలుగా బెంగళూరే, ఇంట్లో మాత్రం తెలుగు, అయితే మాట్లాడటమే, చదవడం రాదు. నేను ఇంకేదో అడగబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. పైన ఆయన పల్లవి ఎత్తుకున్నాడు.

సీతమ్మ మాయమ్మ.

వెన్ను నిటారుగా అయిపోయింది నాకు. ఈ మాటలు నాకు తెలుసు. మా ఊరి గుళ్ళో శ్రీరామనవమి భజనలో, తాళాలు వాయిస్తూ, పానకం గ్లాసు కోసం లైన్లో నిలబడి ఎన్నిసార్లు విన్నానో. త్యాగరాజు కీర్తన అని గానీ, దానికి వసంత అనే రాగం ఉందని గానీ, పదిహేను నిమిషాలు అదే రాగంలో మాటల్లేకుండా తిరిగి తిరిగి ఆ గుమ్మం ముందుకు వచ్చి నిలబడొచ్చని గానీ తెలీదు. సీతమ్మ మా అమ్మ, రాముడు మాకు తండ్రి, అంతే కదా అర్థం, ఎల్కేజీ పిల్లలకి కూడా తెలుస్తుంది. చుట్టూ సగం మంది కన్నడంవాళ్ళు, తమిళంవాళ్ళు, కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నారు. వాళ్ళల్లో తాళం తప్పుతున్నది తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివిన నేనొక్కదాన్నే.

ఆవిడ నోట్‌బుక్ తెరిచి చూపించింది. కన్నడ లిపిలో తెలుగు కీర్తనలు, నీలం ఇంకుతో, రాగం పేరు ఎర్రగీత కింద, కొన్ని పేజీలు తడిసి అలుక్కుపోయాయి. పెళ్ళికి ముందు పాట నేర్చుకున్నప్పటి నోట్సట. నేను కన్నడ అక్షరాలు బస్సు బోర్డుల పుణ్యాన కూడబలుక్కుని చదవగలను, ఆవిడ ఆ తెలుగు పలకగలదు, ఇద్దరం కలిసి ఒక చరణం పూర్తి చేశాం. మధ్యలో ఒక మాటకి అర్థం అడిగింది. చెప్పాను. ఆ సాయంత్రం నేను పనికొచ్చింది అక్కడే.

తని ఆవర్తనం, అంటే పాట ఆగి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం, మొదలయ్యాక మృదంగం మోగుతుంటే స్టీల్ డబ్బా తీసి కోసంబరి పెట్టింది, అంటే మన వడపప్పులోనే దోసకాయ, కొబ్బరి, కొత్తిమీర కలుపుతారు. తింటుంటే నా కవర్‌లోకి చెయ్యి పెట్టి బట్ట అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూసింది. "ఎంతకిచ్చాడు?" చెప్పాను. ఇంకో ఇరవై తగ్గించి ఉండాల్సిందంది. మొదటిసారి ఉప్పు నీళ్ళలో నానబెట్టు, విడిగా ఉతుకు, నీడలో ఆరేయి అని మూడు సూత్రాలు చెప్పింది. ఆమె చీర సంగతి అడిగాను, చాలా బాగుందండీ, ఎక్కడ తీసుకున్నారు అని. ఎక్కడా తీసుకోలేదు, వాళ్ళ అత్తగారిదట. ఇల్కల్‌లో ఒళ్ళు వేరుగా, కొంగు వేరుగా పడుగు వేసుకుని మగ్గం మీదే రెండిటి పోగులూ మెలికవేసి కలుపుతారు, ఆ అతుకు ఎక్కడుందో చూపించమని నేనడిగితే ఆవిడే రెండు నిమిషాలు వెతుక్కుంది. నేను ఈ ఏడాది చూసిన ఫ్యాషన్ వీడియోలన్నిటిలో కలిపి ఇంతసేపు ఒక బట్టని చూసి ఉండను.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో ఆ ట్యూన్ పోతుందేమోనని భయం. చిన్నగా హమ్ చేసి రికార్డ్ చేసుకున్నాను, ఎదురు సీటు అబ్బాయి ఇయర్‌ఫోన్ తీసి మరీ చూశాడు. రాత్రి ఆ కీర్తనని వెతికి వయొలిన్ మీద, నాదస్వరం మీద, నాలుగు గొంతుల్లో విన్నాను. హిందుస్తానీలో బసంత్ అని ఒకటి ఉందని తెలిసి అదీ పెట్టా, పేరు ఒకటే గానీ రాగం వేరు. ఇప్పుడు నా యాప్ నిండా కీర్తనలే సూచిస్తోంది, ఒకసారి ఇలా వెళ్తే అదిక తిరిగి రానివ్వదు, అదో తలనొప్పి.

టైలర్ మాస్టర్ కుర్తా గురువారం ఇస్తానన్నాడు. అంటే ఆదివారం. రెండు జేబులు పెట్టమన్నాను, ఫోన్ పట్టేంత లోతుగా, ఆడవాళ్ళ కుర్తాకి అంత జేబెందుకు మేడం అన్నాడు. వాదించలేదు, చెయ్యి పెట్టి కొలత చూపించాను.

నిన్న అమ్మకి ఆ కీర్తన లింకు పంపించాను. విని, ఇది కాదుమ్మే మన పాట అంది. మీ తాత వాళ్ళ భజన గుంపు పాడే వరస వేరే ఉందని, వంటింట్లోంచే వాయిస్ మెసేజ్ పంపించింది. నలభై సెకన్లు. గొంతు కొంచెం వణికింది, వెనకాల కుక్కర్ మూడు విజిల్స్ వేసింది, రెండో లైన్ మర్చిపోయి మొదటిదే మళ్ళీ పాడింది. నాలుగో విజిల్‌కి పాట ఆపేసి, ఆ పెసరపప్పు డ్రెస్సు వాపసు ఇచ్చేసినావా లేదా అని అడిగింది.