ఇసుక బస్తాల ప్రయాణికులు

మా బాపు కాజీపేట జంక్షన్‌లో క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో పనిచేశాడు. రైలు ఆగగానే సుత్తి పట్టుకుని ఒక్కో చక్రాన్నీ తట్టుకుంటూ పోయేవాడు. మంచి చక్రం ఖంగుమంటుంది. పగులున్నది బొంగురుగా పలుకుతుంది. చిన్నప్పుడు ఎంత చెవిపెట్టి విన్నా ఆ తేడా నాకు అంతుపట్టేది కాదు.

ఇప్పుడు జర్మనీలో నేను చేసేదీ దాదాపు ఆ పనే. నెదర్లాండ్స్ సరిహద్దు దగ్గర వెగ్‌బెర్గ్-విల్డెన్‌రాత్‌లో సీమెన్స్ వాళ్ళ రైళ్ళ టెస్ట్ సెంటర్ ఉంది. ఒకప్పుడది బ్రిటిష్ వాయుసేన స్థావరం. 1992లో వాళ్ళు ఖాళీ చేశారు. 1997 నుంచి అక్కడ రైళ్ళు తిరుగుతున్నాయి. పెద్ద రింగు పట్టా 6.1 కి.మీ., దాని మీద గంటకు 160 కి.మీ. వేగం దాకా వెళ్ళొచ్చు. లోపల 2.5 కి.మీ. చిన్న రింగు ఇంకొకటి. నేను ఒక కొలతల సంస్థ తరఫున వైర్లు, సెన్సర్లు మోసుకుని అక్కడికి వెళ్తుంటాను.

పూర్తి వేగంలో ఒక చుట్టుకు రెండుంపావు నిమిషాలు. స్టేషన్ లేదు, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ లేరు. ఫోన్‌లో ఈ సంగతి చెబితే బాపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "గుండ్రంగ తిరుగుడేనా బిడ్డా? ఏ ఊరూ రాదా?"

అప్పుడు ఆయనకు 1879 నాటి బెర్లిన్ ఎగ్జిబిషన్ గురించి చెప్పాను. సీమెన్స్ కంపెనీ స్థాపకుడు వెర్నర్ ఫాన్ సీమెన్స్ జనానికి చూపించిన ఆ మొదటి ఎలక్ట్రిక్ రైలు కూడా 300 మీటర్ల గుండ్రటి పట్టా మీదే తిరిగింది. చిన్న ఇంజను, వెనక బెంచీలున్న మూడు బండ్లు, బండికి ఆరుగురు. రెండేళ్ళకే, 1881లో, బెర్లిన్ పక్కన లిష్టర్‌ఫెల్డెలో ఎలక్ట్రిక్ ట్రామ్ రోడ్డెక్కింది. ఎగ్జిబిషన్‌లో తిరిగిన ఆ ఇంజను ఇప్పుడు మ్యూనిక్ మ్యూజియంలో ఉంది. నేను వెళ్ళి చూశాను. మన పిల్లలు ఎక్కి ఆడుకునేంత చిన్నది.

నాకు బాగా గుర్తుండిపోయినవి బ్రేక్ పరీక్షల రోజులు. జనవరి ఉదయం, ఇంకా చీకటి. కోచ్‌లోకి ఎక్కితే కొత్త ప్లాస్టిక్ వాసన. సీట్ల మీద ఇసుక బస్తాలు, వరసగా. నిండుగా జనం ఎక్కితే ఎంత బరువో అంత బరువు వేసి మరీ బ్రేక్ పరీక్షిస్తారు. తర్వాత పట్టాల మీద సబ్బునీళ్ళు చల్లుతారు. చక్రం జారాలి. జారిన చక్రాన్ని గుర్తించి బ్రేకు క్షణంలో పట్టు సడలించి మళ్ళీ పట్టుకోవాలి. ఆ వ్యవస్థను ఇక్కడ గ్లైట్‌షుట్స్ అంటారు. కాళ్ళ కింద గరగరమని వణుకు మొదలై, తెగి, మళ్ళీ మొదలవుతుంది. స్క్రీన్ మీద గీత రంపం పళ్ళలా కదులుతుంది.

ఆ రోజు ఒక రీడింగ్ మిగతావాటికి కొంచెం ఎడంగా వచ్చింది. హద్దు దాటలేదు. సంతకం పెట్టి ఇంటికి పోవచ్చు. మా టీమ్‌లోని పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని, ఆ గీతను చూసి, "నొహ్‌మాల్" అన్నాడు. మళ్ళీ ఒకసారి అని. పట్టాలు మళ్ళీ తడిపారు. మధ్యాహ్నం దాకా నాలుగుసార్లు ఆ మాటే. చివరికి చూస్తే మేం బిగించిన సెన్సరే ఒకటి వదులైంది. ఎవరూ విసుక్కోలేదు. నేనీ దేశంలో నేర్చుకున్న జర్మన్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట అదే.

అంత పట్టుదల ఎందుకో ఇక్కడ పనిచేసేవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2004లో సీమెన్స్ వాళ్ళ కాంబినో ట్రాముల అల్యూమినియం బాడీల్లో సన్నటి పగుళ్ళు బయటపడ్డాయి. అవి నేల బాగా కిందికి ఉండే లో-ఫ్లోర్ ట్రాములు, వాటిలో యంత్ర సామగ్రి అంతా కప్పు మీదికి చేరుతుంది. వంపుల్లో బాడీ మీద పడే మెలి ఒత్తిడిని లెక్కలో తక్కువ వేశారు. 1,20,000 కి.మీ. దాటి తిరిగిన బండ్లను ఆపమని సీమెన్సే నగరాలకు చెప్పింది. కొన్నేళ్ళపాటు మరమ్మతులు నడిచాయి.

పోయిన ఎండాకాలం అమ్మా బాపూ వచ్చారు. కొలోన్ నుంచి బ్రసెల్స్‌కు ఐసీఈ 3 నియో అనే హైస్పీడ్ రైల్లో తీసుకెళ్ళాను. రైలు తీగల్లో కరెంటు జర్మనీలో 15 వేల వోల్టులు, బెల్జియం పాత లైన్లలో 3 వేల వోల్టుల డీసీ. సరిహద్దు దాటే రైలు అన్నిటినీ తట్టుకోవాలి. అదంతా చెబుతుంటే అమ్మ పులిహోర డబ్బా తీసింది. బాపు వినడం లేదు. కిటికీ కింద గోడకు అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. సరిహద్దు దగ్గరి ఆహెన్ వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాడు.

"చక్రం మంచిగున్నది బిడ్డా," అన్నాడు.