నారాయణగూడా, తెల్లాపూరా: పిల్లల కోసం ఇల్లు వెతికినప్పుడు వేసుకున్న లెక్కలు

హైదరాబాద్‌లో ఇల్లు వెతికినప్పుడు మా ముందు రెండు దారులున్నాయి. ఒకటి నారాయణగూడ, హిమాయత్‌నగర్ వైపు పాత అపార్ట్‌మెంట్లు. 1,200 చదరపు అడుగులు, కింద బండ్లు పెట్టడానికే చోటు చాలదు. రెండోది తెల్లాపూర్, కొల్లూరు వైపు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన గేటెడ్ కమ్యూనిటీలు. 1,800 అడుగులు, పార్కు, క్లబ్‌హౌస్. మా ఇద్దరిలో ఒకరి ఆఫీసు సికింద్రాబాద్‌లో, ఇంకొకరిది గచ్చిబౌలిలో. పిల్లలు మూడో తరగతి, ఎల్‌కేజీ. ధరలు, అడుగులు పక్కన పెట్టి, పిల్లల రోజు ఎక్కడ ఖర్చవుతుందో ముందు చూశాం. అందులో అన్నిటికంటే బరువైంది బడి దారి.

మ్యాప్‌లో ఎనిమిది కిలోమీటర్లు కనబడితే అది కారు దారి. స్కూల్ బస్సు గల్లీగల్లీ తిరుగుతుంది, అదే దూరానికి గంట పట్టొచ్చు. అడ్మిషన్ కౌంటర్‌లో అడిగితే ‘అరగంటే సార్’ అంటారు. అడగాల్సింది ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జిని, చూడాల్సింది రూట్ షీట్‌ని. మన స్టాప్ ఎన్నోది? సాయంత్రం అదే వరసలో దింపుతారా, తిరగేస్తారా? పొద్దున మొదట ఎక్కిన పిల్లాడు, వరస తిరగేస్తే సాయంత్రం చివర దిగుతాడు. రెండు పూటలా పూర్తి చక్కర్ వాడిదే. బస్సు నంబర్ రాసుకొని ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువులు కనబడతాయి. బస్సులో ఆయా ఉంటుందో లేదో కూడా అడగాలి.

అయిదో తరగతి లోపు పిల్లలకు ఒక వైపు 40 నిమిషాలు దాటితే వద్దనుకున్నాం. ఎందుకంటే నిద్ర. బస్సు 6:45కి అయితే 5:45కి లేపాలి. తొమ్మిది గంటల నిద్ర పట్టాలంటే రాత్రి 8:45కల్లా పడుకోవాలి. గచ్చిబౌలి నుంచి, సికింద్రాబాద్ నుంచి అమ్మానాన్నలు ఇల్లు చేరేదే ఎనిమిదిన్నరకు. అంటే వారమంతా పిల్లల మొహం చూసేది పొద్దున హడావిడిలోనే. శివారుకు వెళ్తే బడి కూడా శివారులోనే ఉండాలి. ఇల్లు కొల్లూరులో, బడి మాత్రం పాత పేరున్న సిటీ బడి అనేది అన్నిటికంటే చెడ్డ బేరం.

తర్వాత నీళ్లు. శివారులో ఎంత పెద్ద కమ్యూనిటీ అయినా వాటర్ బోర్డు కనెక్షన్ ఉందా, ఉంటే రోజుకు ఎన్ని వేల లీటర్లు దిగుతున్నాయి అన్నది అసోసియేషన్‌నే అడగాలి. సేల్స్ ఆఫీసులో చెప్పే ‘మంజీరా నీళ్లు ఉన్నాయి’ అన్న మాటకు విలువ లేదు. లెక్క ఇలా వేసుకోవచ్చు. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున, నలుగురేసి ఉండే 300 ఫ్లాట్లకు 1,62,000 లీటర్లు కావాలి. బోర్లు ఎండితే అది రోజుకు 10,000 లీటర్ల ట్యాంకర్లు పదహారుకు పైనే. ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ రిజిస్టర్ చూపించమంటే నిజం తెలుస్తుంది. చూపించడానికి నసిగినా తెలుస్తుంది. మెయింటెనెన్స్ అడుగుకు 4 రూపాయలైతే 1,800 అడుగులకు నెలకు 7,200. ట్యాంకర్ల ఖర్చు దాని మీద అదనం కావచ్చు, అదీ అడగాలి.

బోరు నీటిని ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటర్ నీటిలో కరిగిన లవణాల మొత్తమే చూపిస్తుంది, ఫ్లోరైడ్ సంగతి చెప్పదు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం తాగునీటిలో లీటరుకు టీడీఎస్ 500, గట్టితనం 200, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దిక్కు లేనప్పుడు ఫ్లోరైడ్ 1.5 వరకు ఒప్పుకుంటారు. పిల్లలకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా చిగుళ్ల లోపల శాశ్వత దంతాలు తయారవుతుంటాయి. ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ పళ్లు మచ్చలతోనే వస్తాయి, తర్వాత మందు లేదు. సిటీ వైపు జబ్బు వేరు. నల్లా నీళ్లు మంచివే, కానీ పాత పైపులు డ్రైనేజీ పక్కనే పోతాయి. పైపు చిల్లుపడితే మురుగు కలుస్తుంది. నల్లా వదిలిన మొదటి పది నిమిషాల్లో రంగు, వాసన చూడాలి. చిన్న కిట్‌తో చూస్తే నీటిలో మిగిలిన క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కంటే తక్కువ వస్తే ఆ ఇంటిని వదిలేయడమే.

ఇల్లు చూడటానికి ఆదివారం పొద్దున వెళ్తే ఏ కాలనీ అయినా బాగుంటుంది. పనిరోజున పొద్దున ఏడున్నరకు ఒకసారి, రాత్రి పదకొండుకు ఒకసారి, వాన వెలిసిన మర్నాడు ఒకసారి వెళ్లాలి. బొల్లారం, బాచుపల్లి వైపు రాత్రిపూట ఫ్యాక్టరీల వాసన, జవహర్‌నగర్ డంపింగ్ యార్డ్ చుట్టుపక్కల వానాకాలపు కంపు ఆ వేళల్లోనే బయటపడతాయి. ఔటర్ సర్వీస్ రోడ్డు మీద రాంగ్‌సైడ్‌లో వచ్చే సిమెంట్ మిక్సర్లు కూడా. నారాయణగూడ వైపైతే రాత్రి ఫంక్షన్ హాళ్ల బ్యాండు వినాలి. ఆ రాత్రే దగ్గరి ఆస్పత్రికి ఫోన్ చేసి, పిల్లల డాక్టర్ డ్యూటీలో ఉంటారా, పిలిస్తేనే వస్తారా అని అడిగితే ఒక పని అయిపోతుంది. సిటీలో ఈ బెంగ తక్కువ. నీలోఫర్ పిల్లల ఆస్పత్రి దగ్గర్లోనే ఉంది.

ఇవన్నీ చూశాక మిగిలిన తేడా పిల్లల వయసుది. పదేళ్ల లోపు పిల్లలకు గేటెడ్ కమ్యూనిటీ నిజంగా బాగుంటుంది. సాయంత్రం అయిదుకు కిందికి దిగితే ఏడున్నరకు పైకొస్తారు, వెంట పెద్దవాళ్లు ఉండక్కర్లేదు. నారాయణగూడలో అదే ఆట కావాలంటే ఇందిరా పార్కుకు ఎవరో ఒకరు తీసుకెళ్లాలి. పదమూడు దాటాక మాత్రం లెక్క తిరగబడుతుంది. అదే గేటు లోపల పిల్లలకు విసుగు పుడుతుంది. క్రికెట్ కోచింగ్‌కు, లైబ్రరీకి, స్నేహితుల ఇంటికి ప్రతిదానికీ కారు కావాలి. తెల్లాపూర్‌కు ఎంఎంటీఎస్ స్టేషన్ ఉంది గానీ రైళ్లు తక్కువ. నారాయణగూడలో మెట్రో స్టేషన్ ఉంది, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం, ఎల్బీ స్టేడియం దగ్గరే. 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడపిల్లలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కానీ ఆ సౌకర్యం బస్సు తిరిగే చోటే.

అందుకే మేం తెల్లాపూర్‌లో కొనలేదు, అద్దెకు తీసుకున్నాం. పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి పూర్తి చేసేదాకా ఇక్కడ, తర్వాత సిటీలోకి. సీబీఎస్ఈ పిల్లలకు తొమ్మిదిలోనే బోర్డు రిజిస్ట్రేషన్ అవుతుంది. పదిలో బడి మారాలంటే బోర్డు అనుమతి, బదిలీ కాగితాలు అంటూ తిప్పలు. కాబట్టి మారడానికి సుఖమైన ఆఖరి గడువు ఎనిమిదో తరగతి చివర. అప్పటికి చిన్నోడు అయిదులోకి వస్తాడు, వాడికీ పెద్ద ఇబ్బంది ఉండదు. రెండో భాష గురించి బెంగ అక్కర్లేదు. 2018 చట్టం వల్ల తెలంగాణలో ఏ బోర్డు బడి అయినా తెలుగు నేర్పాల్సిందే.

అద్దె అగ్రిమెంట్ 11 నెలలకు రాస్తారు. గడువు మేలో ముగిసేలా రాయించుకోవాలి. డిసెంబర్‌లో ముగిస్తే చదువు మధ్యలో ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుంది. బడి మారేటప్పుడు టీసీతో పాటు పెన్ నంబర్ (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) అడిగి తీసుకోవాలి. బడుల, విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ యూడైస్ పోర్టల్‌లో పాత బడి పేరు విడుదల చేస్తే తప్ప కొత్త బడి అందులో ఆ పేరు తన జాబితాలోకి తెచ్చుకోవడం కష్టం. ఫీజు బాకీ ఉంటే అక్కడే ఆపేస్తారు. ఏప్రిల్‌లోనే బాకీలు తీర్చి, రసీదు తీసుకొని, ఆఫీసు క్లర్క్ పక్కన నిలబడి ఆ పని చేయించుకోవాలి. మేలో ఆఫీసులో ఎవరూ దొరకరు.