జిర్కోనియంతో డి-బ్లాక్ చదివిన పద్ధతి

జూనియర్ లెక్చరర్ కెమిస్ట్రీకి చదివేవాళ్లలో చాలామందికి డి-బ్లాక్, అంటే ఆవర్తన పట్టిక మధ్యలో ఉండే లోహ మూలకాల గుంపు, ఒక పెద్ద పట్టిక. సాంద్రతలు, వ్యాసార్థాలు, ద్రవీభవన స్థానాలు పొద్దున బట్టీ పడితే సాయంత్రానికి ఆవిరి. చిక్కడపల్లి లైబ్రరీలో ఆ వల్లెవేత ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. నాకు కలిసొచ్చింది వేరే దారి: ఒకే మూలకాన్ని పట్టుకుని దాని ప్రతి ధర్మానికీ కారణం అడగడం. జిర్కోనియాన్ని ఎంచుకున్నాను. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గరి న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో రియాక్టర్ ఇంధన గొట్టాలు చేసేది దాని మిశ్రమలోహాలతోనే.

జిర్కోనియం పరమాణు సంఖ్య 40, దాని కింద ఉన్న హాఫ్నియంది 72. గ్రూపులో కిందికి దిగితే పరమాణువు పెద్దది కావాలి. కానీ ఈ రెండింటి మధ్యలో 4ఎఫ్ అనే లోపలి ఉపకర్పరంలో నిండిన 14 ఎలక్ట్రాన్లు కేంద్రక ఆకర్షణకు సరిగా అడ్డు పడలేవు. అందుకే రెండింటి వ్యాసార్థమూ 160 పికోమీటర్ల దగ్గరే ఆగుతుంది. నోట్సుల్లో 'లాంథనైడ్ సంకోచం' అని రాసి ఇక్కడితో వదిలేస్తారు, అదే నాకు నచ్చదు. పరిమాణం అదే, పరమాణు భారం మాత్రం 91 నుంచి 178కి పెరిగింది. కనుక ఘన సెంటీమీటరుకు 6.5 గ్రాముల సాంద్రత 13.3 అవుతుంది. ఇక ఆ అంకెను కంఠస్థం చేసే పనేముంది?

రసాయనికంగా ఇవి కవలలు. జిర్కాన్ ఇసుకలో కలిసే దొరుకుతాయి. 1923లో కోపెన్‌హాగన్‌లో కోస్టర్, హెవెసీ ఎక్స్‌రే వర్ణపటంతో పట్టుకునేదాకా హాఫ్నియం బయటపడలేదు. తేడా అంతా కేంద్రకంలో ఉంది: న్యూట్రాన్‌ను పీల్చుకునే గుణం జిర్కోనియానికి 0.18 బార్న్ (ఆ గుణాన్ని కొలిచే ప్రమాణం), హాఫ్నియానికి 100 పైమాటే. ఒకటి ఇంధనానికి తొడుగు, మరొకటి నియంత్రణ కడ్డీకి పనికొస్తుంది. అందుకే ద్రావణి నిష్కర్షణతో (ఒకదాన్ని తగిన ద్రావణిలోకి లాగే పద్ధతితో) ముందు రెండింటినీ వేరుచేయాలి.

863 డిగ్రీల సెల్సియస్ దగ్గర షట్కోణ నిర్మాణం అంతఃకేంద్రిత ఘనంగా మారడం మాత్రం చూసి గుర్తుపెట్టుకోవాల్సిందే, తప్పదు. ఖనిజం నుంచి లోహాన్ని తీయడానికి కార్బన్‌తో క్షయకరణం చేస్తే కార్బైడ్ ఏర్పడుతుంది. అందుకే టెట్రాక్లోరైడ్‌ను మెగ్నీషియంతో క్షయకరిస్తారు. బాగా వేడెక్కిన జిర్కోనియం నీటి ఆవిరితో చర్య జరిపి హైడ్రోజన్ విడుదల చేస్తుంది. 2011లో ఫుకుషిమా పేలుళ్లకు కారణమైన హైడ్రోజన్ ప్రధానంగా అక్కడిదే. గ్రూప్స్‌కు చదివేవాళ్లు ఈ సమీకరణం ఒక్కసారి రాసి చూడండి.

తర్వాత టైటానియం తీసుకోండి. కంచన్‌బాగ్‌లోని ప్రభుత్వ లోహ సంస్థ మిధానిలో దాని మిశ్రమలోహాలూ చేస్తారు, క్షయకరణ పద్ధతీ ఇదే.