విమెన్స్ ఫిజిక్ స్టేజీ ఎక్కేదాకా: నా అనుభవం

పెళ్ళయి, బాబు పుట్టి, బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ ముప్పై ఐదో ఏట విజయవాడ నుంచి విమెన్స్ ఫిజిక్ పోటీకి వెళ్ళాను. బాడీబిల్డింగ్ తరహా పోటీల్లో ఆడవాళ్ళకుండే విభాగాల్లో అదొకటి. రాష్ట్రస్థాయి పోటీ, నాలుగో స్థానం వచ్చింది. ఈమధ్య మన ఊళ్ళలో చాలామంది అమ్మాయిలు బరువులు ఎత్తుతున్నారు. వాళ్ళలో కొందరికి స్టేజీ ఎక్కాలనీ ఉంటుంది. కానీ ఆడవాళ్ళ ఒంటికి తగ్గట్టు ఎలా తయారవ్వాలో చెప్పేవాళ్ళే దొరకరు. జిమ్‌లో వినపడేదంతా మగవాళ్ళ పద్ధతే, కాస్త అటూ ఇటూ మార్చి మనకు చెబుతారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఏ విభాగంలో దిగాలో తేల్చుకోవాలి. బికినీ అనే విభాగంలో కండ తక్కువ ఉండాలి, హీల్స్ వేసుకోవాలి. ఫిజిక్‌లో డబుల్ బైసెప్స్, సైడ్ ట్రైసెప్స్ లాంటి పోజులుంటాయి, వట్టి కాళ్ళతో నిలబడాలి. బాడీబిల్డింగ్‌లో కండ ఇంకా ఎక్కువ కావాలి. అసలు ఆడవాళ్ళకు కండ ఎంత ఉండాలన్న గొడవ ఈ ఆటలో ఎప్పటినుంచో ఉంది. ఆడవాళ్ళ బాడీబిల్డింగ్‌లో పెద్ద పోటీ మిస్ ఒలింపియా. 1980లో మొదలైన దాన్ని 2014 తర్వాత ఐదేళ్ళు ఆపేశారు, 2020లో మళ్ళీ పెట్టారు. ఒలింపియాలో విమెన్స్ ఫిజిక్ మొదలైంది 2013లో. నాకు తొడలు, భుజాలు తొందరగా పెరుగుతాయి, హీల్స్ అలవాటు లేదు. అందుకని ఫిజిక్ ఎంచుకున్నాను.

ఇంట్లో మా ఆయన సరేనన్నారు. అత్తయ్యకే మనసొప్పలేదు. "నలుగురిలో ఆ బట్టలేంటమ్మా?" అన్నారు. ఆవిడతో వాదించలేదు. హైదరాబాద్‌లో ఉండే కిరణ్ డెంబ్లా గురించి చెప్పాను. ఇద్దరు పిల్లల తల్లి, 2013లో బుడాపెస్ట్‌లో ప్రపంచ బాడీబిల్డింగ్ పోటీలకు వెళ్ళారు. ఫోటోలు చూపిస్తే అత్తయ్య చాలాసేపు చూసి, "ఈవిడ వీపు చూడు, ఎంత కష్టపడిందో" అన్నారు. ఆ తర్వాత మా ఇంట్లో బట్టల మాట మళ్ళీ రాలేదు.

తిండి దగ్గర అసలు కష్టం కడుపు మాడ్చుకోవడం కాదు, లెక్క తప్పకుండా తినడం. మనం పప్పు తింటే ప్రొటీన్ అందుతుందనుకుంటాం. వంద గ్రాముల కందిపప్పులో ప్రొటీన్ దాదాపు 22 గ్రాములు ఉన్న మాట నిజమే. కానీ దాంతోపాటు 340 కేలరీల దాకా వస్తాయి. నాకు రోజుకు 110 గ్రాములు కావాలి, అంటే కిలో బరువుకు రెండు గ్రాములకు కాస్త తక్కువ. అంతా పప్పుతోనే నింపాలంటే ఇక కేలరీలు తగ్గేదెక్కడ? కాబట్టి గుడ్లు, చికెన్, పెరుగు, ఒక స్కూపు వే ప్రొటీన్ పొడి. అన్నం మానలేదు, కాటా మీద తూచి తిన్నాను. బియ్యం తూచామా, వండిన అన్నం తూచామా అన్నది ఖచ్చితంగా రాసుకోవాలి. వంద గ్రాముల బియ్యంలో 350 కేలరీలుంటే, వంద గ్రాముల అన్నంలో 130. కూరల్లో నూనె కూడా అంతే. పెద్ద చెంచాడు నూనె 120 కేలరీలు, మన పోపుల్లో అది కంటికే ఆనదు.

కటింగ్, అంటే పోటీకి ముందు కొవ్వు తగ్గించుకునే దశ, మొదలయ్యాక నా మొదటి కోచ్ కార్డియో పెంచుకుంటూ, కేలరీలు తగ్గించుకుంటూ పోయాడు. పీరియడ్స్ ఆగిపోయాయి. చెబితే, "పోటీ ముందు అందరికీ అంతే మేడమ్, మంచిదేగా" అన్నాడు. ఇది మంచిది కాదు. ఈ మాట చదివే ప్రతి అమ్మాయికీ గట్టిగా చెబుతున్నాను, ఇది మంచిది కాదు. గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళాను. ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్, తర్వాత థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్లు చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. ఒంటికి చాలినంత శక్తి అందకపోతే మెదడే అండాశయాలకు పంపే సంకేతాలు తగ్గించేస్తుందని, ఈస్ట్రోజెన్ పడిపోతే ఎముకలు బలహీనపడతాయని డాక్టరమ్మ చెప్పారు.

తర్వాత కలిసిన స్పోర్ట్స్ న్యూట్రిషనిస్ట్ కాగితం మీద లెక్క వేసి చూపించింది. కొవ్వు తీసేస్తే నా ఒంటి బరువు సుమారు 45 కిలోలు. అలా తీసేసిన బరువులో కిలోకు కనీసం 30 కేలరీలు, వ్యాయామానికి ఖర్చయినవి పోగా ఒంటికి మిగలాలట. అంటే 1350. నేను తింటున్నది 1500, వ్యాయామానికి పోయేది 300. మిగిలింది 1200. ఆ కాగితం చూశాక నాకు కోపం వచ్చింది. ఇంత చిన్న లెక్క ఏ జిమ్‌లోనూ ఎవరూ ఎందుకు చెప్పరు? ఇలా శక్తి చాలక ఒళ్ళు దెబ్బతినడానికి రెడ్-ఎస్ అని పేరు పెట్టి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే నివేదిక ఇచ్చింది.

కార్డియో తగ్గించి, తిండి పెంచాం. తగ్గడం నెమ్మదించింది, వారానికి మూడు నాలుగు వందల గ్రాములు. అదే సమయంలో ఆ కోచ్ ఇంకో మాట తెచ్చాడు. "షార్ప్‌గా రావాలంటే కొంచెం అనావార్, కొంచెం క్లెన్" అన్నాడు. అనావార్ అంటే ఆక్సాండ్రోలోన్, స్టెరాయిడ్. ఆడవాళ్ళు వాడితే గొంతు బొంగురుపోవచ్చు, ముఖం మీద వెంట్రుకలు రావచ్చు. గొంతు ఒకసారి మారితే మందు మానేసినా తిరిగి రాకపోవచ్చు. క్లెన్ అంటే క్లెన్‌బుటెరాల్, దాంతో గుండె దడ పుడుతుంది. రెండూ నిషేధిత జాబితాలో ఉన్నాయి. ఆటగాళ్ళకు డోపింగ్ పరీక్షలు చేసే జాతీయ సంస్థ నాడా పరీక్షల్లో పట్టుబడేవాళ్ళలో మన బాడీబిల్డర్లు ఎప్పుడూ ఉంటూనే ఉన్నారు. నేను ఆ రోజే అతని దగ్గర మానేశాను. గతంలో స్వయంగా పోటీలు చేసిన ఒక అక్క దగ్గర చేరాను, పోటీ అయ్యేదాకా ఆవిడే చూసుకుంది.

పోజింగ్ ఎంత కష్టమో ఆ అక్క దగ్గరే తెలిసింది. తొడలు బిగించి, పొట్ట లోపలికి లాగి, వీపు విప్పి, ముఖంలో మాత్రం ఏ కష్టమూ కనపడకుండా నవ్వాలి. క్వార్టర్ టర్న్స్‌లో, అంటే పావు వంతు చొప్పున నాలుగు వైపులా తిరిగేటప్పుడు, జడ్జీలు మధ్యలో ఆపి పోల్చుతారు, అంతసేపూ కదలకూడదు. మొదట్లో పిక్కలు పట్టేసేవి. వంటింట్లో కుక్కర్ విజిళ్ళు వచ్చేదాకా ఒకే పోజులో ఉండడం అలవాటు చేసుకున్నాను. బరువులకు ఎంత సమయం ఇస్తామో ఆఖరి నెలల్లో దీనికీ అంత ఇవ్వాలి.

కాస్ట్యూమ్ డ్యాన్స్ ప్రోగ్రాములకు కుట్టే టైలర్ దగ్గర కుట్టించాను. కొలతలు ముందే ఇస్తే పోటీ నాటికి వదులైపోతుంది, కాబట్టి వెనక హుక్కులు రెండు మూడు వరసలు పెట్టించుకోవాలి. స్టేజీ మీద జరగకుండా చర్మానికి అంటించే జిగురు దొరుకుతుంది, అది తప్పనిసరి.

పోటీ ముందు రాత్రి టాన్, అంటే కండలు బాగా కనపడేలా ఒంటికి పూసే ముదురు రంగు, వేయాలి. వ్యాక్సింగ్ రెండు రోజుల ముందే అయిపోవాలి. ఆ రోజు డియోడరెంట్, మాయిశ్చరైజర్ ముట్టుకోకూడదు. డియోడరెంట్ ఉన్నచోట రంగు ఆకుపచ్చగా తిరుగుతుంది. మగవాళ్ళకు కోచ్‌లే పూసేస్తారు, మనకు ఒక ఆడమనిషి తోడుండాలి. మా ఆడపడుచు వచ్చింది. లాడ్జి గదిలో పాత దుప్పటి పరిచి, పెళ్ళికూతురికి నలుగు పెట్టినంత శ్రద్ధగా వీపంతా పూసింది. "వదినా, ఊపిరి బిగబట్టు, పక్కటెముకల మధ్య రంగు దిగట్లేదు" అంటూ స్పాంజితో అద్దింది. చెమట పడితే చారలు పడతాయని ఫ్యాన్ కిందే నిలబెట్టింది. నీళ్ళు స్ట్రాతో తాగించింది. నీళ్ళు పూర్తిగా మానేయమని చాలామంది చెబుతారు. అక్క ఒప్పుకోలేదు, నేనూ మానలేదు. అలా మానేసి, పైగా మూత్రం ఎక్కువయ్యే మాత్రలు మింగి, ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళున్నారు.

స్టేజీ వెనక రబ్బరు బ్యాండ్లు లాగి కండలు ఉబ్బేలా పంప్ చేసుకుంటూ, మరమరాల్లో తేనె కలుపుకుని తిన్నాం. స్టేజీ మీదికి వెళ్ళాక టెన్షన్ పోయింది. డబుల్ బైసెప్స్ పెట్టినప్పుడు లైట్ల వేడి భుజాల మీద తగలడం గుర్తుంది. పాటకు పోజులు పెట్టే నా రొటీన్ నిమిషంలోపే, కానీ అందులో ఒక్క అడుగూ తడబడలేదు, అది నాకు ఎంతో ఇష్టంగా మిగిలింది.

పోటీ తర్వాతి వారాలకూ ముందే ప్లాన్ ఉండాలి. ఆకలి విపరీతంగా ఉంటుంది, ఒళ్ళు నీరు పడుతుంది, అద్దంలో మనల్ని చూసుకుంటే దిగులేస్తుంది. అక్క కేలరీలు మెల్లగా పెంచింది, కానీ సంక్రాంతికి అరిసెలు తినమనే చెప్పింది. పీరియడ్స్ తిరిగి వచ్చాయి, డాక్టరమ్మ దగ్గర మళ్ళీ చూపించుకున్నాను.

దిగిపోయాక జడ్జిని అడిగితే, కాళ్ళు బాగున్నాయి, వీపు వెడల్పు చాలదన్నారు. కాబట్టి ఈ ఏడాది పోటీ లేదు. కడుపు నిండా తింటూ వీపు పెరగడానికి పుల్-అప్స్, బార్‌బెల్ రో మీదే పనిచేస్తున్నాను. వచ్చేసారి కటింగ్ ఇంకా ముందు మొదలుపెట్టి, ఇంకా నెమ్మదిగా తగ్గాలని అక్కా నేనూ అనుకున్నాం. పీరియడ్స్ తేదీలు కూడా బరువు రాసే పుస్తకంలోనే రాస్తున్నాం.