తాత ఫౌజుకు పోయిండా? ముందు పహాణీ తియ్యండి

"మా ముత్తాత ఫౌజుల పనిచేసిండట" అనే మాట నల్లగొండ, పాలమూరు ఊళ్లలో చాలా ఇళ్లల్ల ఉంటుంది. ఏ ఫౌజంటే "హైదరాబాద్‌ది" అంటారు. దారి తప్పేది అక్కడే. 19వ హైదరాబాద్ రెజిమెంట్ పేరుకే హైదరాబాద్. అది బ్రిటిష్ ఇండియా సైన్యంలోది, జవాన్లు ఎక్కువగా కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1945లో కుమావూన్ రెజిమెంట్ అయింది. నిజాం సొంత ఫౌజు వేరు, 1948 సెప్టెంబర్ పోలీస్ యాక్షన్‌తో దాని కథ ముగిసింది. మద్రాస్ రెజిమెంట్, బెంగళూరు మద్రాస్ సాపర్స్ (ఫౌజులో ఇంజినీర్ల దళం) కూడా చూడాల్సినవే.

ఫౌజు కాగితాల్లో ఇంటిపేరు తరచుగా ఉండదు. మనిషిని పట్టిచ్చేవి అతని పేరు, తండ్రి పేరు, ఊరు. ఆ మూడూ ఒక్కచోట దొరికేది భూమి రికార్డుల్లోనే. 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిది, ఎవరు దున్నుతున్నరో రాసిన ఊరి రికార్డు) నకలు తహసీల్ ఆఫీసులో అడగండి, దరఖాస్తులో సర్వే నంబర్ రాయండి. పట్టాదారు గడి ఒక్కటే చూసి వదిలెయ్యొద్దు. కౌలుకు దున్నినవాళ్లు కబ్జా గడిలో ఉంటారు, మామూలు మనుషులు ఎక్కువ దొరికేది అక్కడే. ఇంకా వెనక్కి పోవాలంటే సేత్వార్, అంటే మొదటి భూసర్వే అప్పుడు సర్వే నంబర్ల వారీగా రాసిన రికార్డు. గద్వాల, వనపర్తి సంస్థానాల ఊళ్లైతే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో కూడా వెతకాలి.

పాతవి ఉర్దూలో ఉంటాయి. "పెంటయ్య వల్ద్ మల్లయ్య" అంటే మల్లయ్య కొడుకు పెంటయ్య. చుక్కలు చెరిగితే ప, బ ఒక్కతీరుగ కనిపిస్తాయి. ణ, ళలకు అక్షరాలే లేవు, హ్రస్వాలు రాయరు. అందుకే ఊరి పేరు తెలిసినవాళ్లు పక్కన కూర్చుని చదివించుకోవాలి, ఉర్దూ ఒక్కటే వస్తే చాలదు. నిజాం కాలపు ఫస్లీని (రెవెన్యూ సంవత్సరం) ఇంగ్లిష్ సంవత్సరంలోకి మార్చాలంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. 1358 ఫస్లీ అంటే 1948-49.

ప్రపంచ యుద్ధాల్లో చనిపోయినవాళ్లైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (ఆ సైనికుల సమాధులు, పేర్లు చూసుకునే సంస్థ) సైట్లో ఉచితంగా వెతకొచ్చు. 1914 ఆగస్టు నుంచి 1921 ఆగస్టు దాకా, 1939 సెప్టెంబర్ నుంచి 1947 డిసెంబర్ దాకా పోయినవాళ్లే అందులో ఉంటారు. బతికి ఊరికొచ్చిన తాత అక్కడ దొరకడు. పేరుతో కాక, అదనపు సమాచారం గడిలో ఊరి పేరుతో వెతకండి. ఇంగ్లిష్‌లో మిర్యాలగూడ, సూర్యాపేట, భువనగిరి ఎన్ని తీర్ల రాసుంటాయో అన్నీ కొట్టాలి. తాలూకా పేరు కూడా ప్రయత్నించాలి, ఇప్పటి మండలం పేరు పనికిరాదు.

తిరిగొచ్చినవాళ్లకు ఆధారం డిశ్చార్జి పుస్తకం, లేకుంటే పెట్టె అడుగున మెడల్. గుండ్రటి మెడల్ అయితే అంచు మీద, నక్షత్రం ఆకారంలోదైతే వెనక వైపు నంబరు, పేరు, దళం సన్నటి అక్షరాల్లో కొట్టి ఉంటాయి. పక్కనుంచి టార్చి వేస్తే అక్షరాల నీడ పడుతుంది, ముందు ఫొటో తీసుకోండి. ఆ నంబరుతోనే రెజిమెంట్ రికార్డ్స్ ఆఫీసుకు రాయాలి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చిరునామా అడగొచ్చు. పండక్కి చెంబులతో పాటు దాన్నీ చింతపండు పెట్టి తోమితే మాత్రం మొదట అరిగేవి ఆ అక్షరాలే.