ఫోల్డింగ్ సైకిల్‌కి ఎత్తు ఎక్కే గేరు: ముందు పళ్లు తగ్గించడం

20 అంగుళాల ఫోల్డింగ్ సైకిళ్లలో చాలావాటికి ముందు 52 పళ్ల చైన్‌వీల్, వెనక 14–28 ఏడు గేర్ల ఫ్రీవీల్ (14 నుంచి 28 పళ్ల దాకా ఉండే ఏడు పళ్లచక్రాల గుత్తి) ఉంటాయి. చక్రం చిన్నది కాబట్టి చదును రోడ్డు మీద వేగం రావాలంటే చైన్‌వీల్ పెద్దదిగా ఉండాల్సిందే. బంజారాహిల్స్ లాంటి ఎత్తు ఎదురైనప్పుడు మాత్రం ఆ 52 పళ్ల బరువంతా మోకాళ్ల మీద పడుతుంది.

1.75 అంగుళాల టైరు వేసిన 20 అంగుళాల చక్రం ఒక చుట్టుకి సుమారు 1.53 మీటర్లు నడుస్తుంది. 52 ముందు, 28 వెనక పెట్టి పెడల్ ఒక చుట్టు తిప్పితే సైకిల్ 2.84 మీటర్లు కదులుతుంది. ముందు 42 వేస్తే అది 2.3 మీటర్లు, 38 వేస్తే 2.08. ఎంత తక్కువ కదిలితే అంత తేలిక.

బదులుగా పోయేది పై వేగం. నిమిషానికి 80 చుట్లు తొక్కితే 52/14 (ముందు 52, వెనక 14) మీద గంటకి 27 కిలోమీటర్లు వస్తాయి, 42/14 మీద 22 మాత్రమే. అందుకే చైన్‌వీల్ కొనేముందు వెనక అన్నిటికంటే చిన్న పళ్లచక్రానికి ఎన్ని పళ్లో లెక్కపెట్టండి. అది 11 అయితే కళ్లు మూసుకుని 42 వేయొచ్చు. 42/11 మీద 28 కిలోమీటర్లు వస్తాయి, 52/14 ఇచ్చే వేగం కంటే తక్కువేమీ కాదు. 14 అయితే 44 దగ్గర ఆగడం మేలు.

వెనక 14–34 ఫ్రీవీల్ వేస్తే పని అయిపోతుంది కదా అంటారు. 52/34 కూడా 2.34 మీటర్లే, లెక్క సరిపోతుంది. కానీ ఏడు గేర్ల 14–34లో 24 తర్వాత ఒక్కసారిగా 34కి దూకాలి, మధ్యలో ఏమీ ఉండదు. పైగా 34 పళ్లు పట్టే డిరైలర్ (వెనక గేర్లు మార్చే పరికరం) కావాలి. సైకిల్ చక్రమే చిన్నది కాబట్టి దాని పొడుగు చెయ్యి నేలకి దగ్గరగా వేలాడుతుంది, స్పీడ్‌బ్రేకర్లూ రాళ్లూ చూసుకుంటూ తొక్కాలి. ముందు మార్చడమే నయం.

చైన్‌వీల్ క్రాంక్‌కి (పెడల్ బిగించే కాడకి) బోల్టులతో ఉందా, రివెట్లతో ఉందా అన్నది మొదట చూడాలి. రివెట్లయితే దాన్ని విడిగా మార్చలేరు, క్రాంక్ సెట్టే మార్చాలి. అయిదు బోల్టులుంటే పక్కపక్క బోల్టుల మధ్య దూరాన్ని కేంద్రం నుంచి కేంద్రానికి కొలిచి 1.701తో గుణించండి, బీసీడీ (బోల్టులన్నిటి మీదుగా పోయే వలయం వ్యాసం) వస్తుంది. బోల్టుల మధ్య దూరం 76.4 మిల్లీమీటర్లు ఉంటే అది 130 బీసీడీ, 64.7 ఉంటే 110. 130 మీద 38 కంటే చిన్నది పట్టదు. 110 మీద 34 దాకా దిగొచ్చు. కాబట్టి క్రాంక్ సెట్ ఎలాగూ కొనాల్సి వస్తే 110 ఉన్నదే తీసుకోండి.

మామూలు సైకిల్ షాపులో దొరికే చైన్‌వీల్ చాలాసార్లు 1/8 అంగుళం చైన్‌కి చేసింది. గేర్ల చైన్ లోపలి వెడల్పు 2.4 మిల్లీమీటర్ల లోపే, ఆ లావు పళ్లు అందులోకి దిగవు. 3/32 అంగుళం అని అడిగి కొనాలి. కాలిపర్‌తో పన్ను మందం కొలిస్తే 2.1 మిల్లీమీటర్ల చుట్టూ రావాలి.

క్రాంక్ విప్పేటప్పుడు బోల్టుతో పాటు దాని కింది వాషర్ కూడా తీయాలి. అది లోపల ఉండిపోతే పుల్లర్ (క్రాంక్‌ని ఇరుసు నుంచి లాగే పనిముట్టు) పూర్తిగా దిగదు, నాలుగు మరల మీదే బలమంతా పడి అల్యూమినియం మర చిట్లిపోతుంది. క్రాంకులు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. పుల్లర్‌ని చేత్తో చివరిదాకా తిప్పి, అది ఇక కదలనప్పుడే నడిమి బోల్టు బిగించండి. పెడల్ కూడా విప్పాల్సి వస్తే ఎడమ పెడల్‌కి తిరగబడిన మర అని గుర్తుంచుకోండి.

కొత్త చైన్‌వీల్‌ని పాత చోటే, అంటే స్పైడర్‌కి (క్రాంక్ నుంచి చైన్‌వీల్‌ని పట్టుకునే కొమ్మలకి) ఇంతకుముందు ఏ వైపు ఉందో ఆ వైపే బిగించండి. లోపలి వైపుకి మారిస్తే చైన్‌స్టేకి (పెడళ్ల దగ్గర నుంచి వెనక చక్రం దాకా వెళ్లే ఫ్రేము గొట్టానికి) తగలొచ్చు. కనీసం 3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. రెండు చైన్‌వీళ్ల కోసం చేసిన పొడుగు బోల్టులు వాడితే నట్ అడుగుకి కొట్టుకుని ఆగిపోతుంది. చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది గానీ చైన్‌వీల్ ఊగుతూనే ఉంటుంది, తొక్కినప్పుడల్లా కిర్రుమంటుంది. పొట్టి బోల్టులు కావాలి. క్రాంక్ బోల్టుకి 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు చాలు: 20 సెంటీమీటర్ల పిడి చివర సుమారు 18–20 కిలోల బలం. సుత్తితో కొట్టొద్దు.

చాలామంది వదిలేసేది చైన్ పొడవు. ముందు 10 పళ్లు తగ్గితే చైన్‌లో అయిదు అరంగుళాలు, అంటే అయిదు లింకులు మిగులుతాయి. లింకులు జతగానే తీయాలి కాబట్టి నాలుగు తీస్తాం. 52 నుంచి 38కి దిగితే ఏడు మిగులుతాయి, ఆరు తీయాలి. తీయకపోతే వెనక చిన్న పళ్లచక్రం మీద డిరైలర్ చెయ్యి పూర్తిగా ముడుచుకుపోయి చైన్ జారుతూ ఉంటుంది. తీశాక వెనక పెద్ద పళ్లచక్రం మీద వేసి, డిరైలర్ చెయ్యి చివరిదాకా లాగబడలేదని చూసుకోండి.

పాత చైన్ గార్డుని అలాగే ఉంచితే 10 పళ్ల తేడాకి అంచు నుంచి చైన్‌దాకా అదనంగా 20 మిల్లీమీటర్ల సందు పడుతుంది. ప్యాంటు బాగానే కాపాడుతుంది, జారిన చైన్‌ని మాత్రం ఆపదు. అదే బీసీడీలో 42–44కి సరిపడే గార్డు వేయాలి. మడతపెట్టి మోసేటప్పుడు పెడల్ వెనక్కి తిరిగి చైన్ జారడం ఈ సైకిళ్లకి మామూలే. మడిచేముందు రెండో గేరులోనో మూడో గేరులోనో పెడితే చైన్ బిగువుగా ఉంటుంది.

మొదటి 30–40 కిలోమీటర్లు తొక్కాక క్రాంక్ బోల్టుని ఒక్కసారి చూడండి. పదేపదే బిగిస్తే క్రాంక్‌కున్న చదరపు రంధ్రం సాగి, క్రాంక్ ఇరుసు మీద లోపలికి ఎక్కుతూ పోతుంది.