డ్రోన్ పట్టుబడితే లక్ష జరిమానాతో పోదు

పెళ్లి ఫొటోగ్రాఫర్లు, యూట్యూబ్ వీడియోలు తీసేవాళ్లు చాలామంది ఒక మాట గట్టిగా నమ్ముతున్నారు: డ్రోన్ పట్టుబడితే ఏదో జరిమానా కట్టేస్తే సరిపోతుందని. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల్లో గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలే కావడంతో ఈ నమ్మకం పుట్టింది. అయితే ఆ లక్ష వేసే అధికారం డీజీసీఏది (పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్), లేదా ప్రభుత్వం అందుకు అధికారమిచ్చిన అధికారిది. అదీ మీ వాదన విన్నాకే వేయాలి. స్టేషన్‌లో ఎస్సై రాసే ఎఫ్ఐఆర్‌కు దీనితో సంబంధం లేదు, అక్కడ పనిచేసే చట్టాలు వేరు.

ముందు పెద్ద చట్టం సంగతి. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ అనే కొత్త చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దీని దృష్టిలో డ్రోన్ కూడా విమానమే. మనుషులకో, ఆస్తులకో ప్రమాదం కలిగేలా కావాలని ఎగరేస్తే రెండేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఎవరికైనా దెబ్బ తగిలితేనే కేసు అనుకోవద్దు. ప్రమాదకరంగా ఎగరేయడమే నేరం. డ్రోన్‌కు ఆయుధాలో పేలుడు పదార్థాలో కట్టి పంపినా శిక్ష ఇంతే ఉంటుంది, దానికి తోడు పేలుడు పదార్థాల చట్టాలు కూడా వచ్చి పడతాయి. కాకపోతే ఈ చట్టం కింద కోర్టు కేసు తీసుకోవాలంటే విమానయాన అధికారుల ఫిర్యాదో, ముందస్తు అనుమతో ఉండాలి. స్థానిక పోలీసులు సొంతంగా చార్జిషీటు వేస్తే సరిపోదు.

అందుకే స్టేషన్‌లో మొదట పడేది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 223, అంటే పాత ఐపీసీ 188. వీఐపీ పర్యటనలకో పెద్ద సభలకో ముందు పోలీస్ కమిషనర్లు డ్రోన్లు, పారాగ్లైడర్లు నిషేధిస్తూ ఉత్తర్వులు ఇస్తుంటారు, పేపర్లలో వేయిస్తారు. వాటిని మీరితే ఆరు నెలల వరకు సాధారణ జైలు, లేదా 2,500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రాణాలకో భద్రతకో ముప్పు తెచ్చారంటే ఏడాది, 5,000 రూపాయలు. ఇది బెయిలబుల్ నేరం. ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోండి. నిషేధం ఉందని మీకు తెలుసని పోలీసులు చూపించాలి. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 215 ప్రకారం ఉత్తర్వు ఇచ్చిన అధికారి గానీ, ఆయన పైఅధికారి గానీ, ఆయన అధికారమిచ్చిన మరో అధికారి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయకపోతే కోర్టు దీన్ని విచారణకు తీసుకోకూడదు. హైకోర్టులో కేసు కొట్టేయమని క్వాష్ పిటిషన్ వేసేటప్పుడు మంచి లాయర్ మొదట చూసేది ఇదే.

డ్రోన్ కిందపడి ఎవరికైనా గాయమైతే న్యాయ సంహితలోనే సెక్షన్ 125 వస్తుంది. మామూలు దెబ్బకు ఆరు నెలల వరకు, తీవ్ర గాయానికి మూడేళ్ల వరకు జైలు. మనిషి చనిపోతే సెక్షన్ 106, అయిదేళ్ల వరకు. గుంపు నెత్తి మీద పూలు చల్లిస్తామని కిలోల బరువున్న డ్రోన్‌ను ఎగరేసే ఈవెంట్ వాళ్లు ఈ రెండు సెక్షన్లు చదివి తీరాలి. ఒక్క ప్రొపెల్లర్ విరిగితే నాలుగు రెక్కల డ్రోన్ గాల్లో నిలవదు, నిట్టనిలువునా పడుతుంది.

ఇక ఎక్కడ ఎగరేయాలి. డీజీసీఏ ఆన్‌లైన్‌లో పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆకుపచ్చ ప్రాంతంలో 400 అడుగులు, అంటే 120 మీటర్ల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 - 12 కిలోమీటర్ల మధ్య ఆ హద్దు 200 అడుగులే. అంతకు పైన పసుపు, అక్కడ ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించే విభాగం) అనుమతి తీసుకోవాలి. ఎరుపులోకి కేంద్ర ప్రభుత్వ అనుమతితోనే వెళ్లాలి. శంషాబాద్ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లు, రిసార్టుల్లో పెళ్లి ఒప్పుకునే ముందే ఆ చిరునామా మ్యాప్‌లో పెట్టి చూడండి. బేగంపేట విమానాశ్రయం, హకీంపేట, దుండిగల్ వాయుసేన స్థావరాలు, విశాఖలో నౌకాదళ స్థావరాల పరిసరాలదీ ఇదే కథ. మ్యాప్ స్థిరంగా ఉండదు. ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్ ప్రకటించవచ్చు. కాబట్టి నిన్న చూశాం కదా అంటే కుదరదు, ఎగరేసే రోజు చూడాలి. తేదీ, సమయం కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఎత్తు దగ్గర ఒక పొరపాటు చాలామంది చేస్తారు. యాప్ చూపించే ఎత్తు టేకాఫ్ అయిన చోటు నుంచి లెక్క. నిబంధనలో లెక్క కింద ఉన్న నేల నుంచి. అరకులో కొండ అంచున లేపి లోయ మీదికి పంపితే యాప్‌లో 100 మీటర్లే ఉంటుంది, నేల నుంచి మాత్రం 300 దాటిపోవచ్చు. ఫ్లైట్ లాగ్‌లో జీపీఎస్‌తో సహా అంతా నమోదవుతుంది. దర్యాప్తులో మీ మాట కన్నా ఆ లాగ్‌కే విలువ.

250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ వద్దు, థర్డ్ పార్టీ బీమా వద్దు. అంతవరకే. జోన్లు దానికీ వర్తిస్తాయి. 249 గ్రాముల డీజేఐ మినీ 3 ప్రోకు పెద్ద బ్యాటరీ వేస్తే దాదాపు 290 గ్రాములవుతుంది, ఆ క్షణమే అది మైక్రో, అంటే నానో పైన ఉన్న తరగతి. మైక్రోతో డబ్బు తీసుకుని షూటింగ్ చేస్తే పైలట్ సర్టిఫికెట్ తప్పనిసరి. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకోవడం కూడా మానండి. 2022 ఫిబ్రవరి నుంచి పూర్తి డ్రోన్ల దిగుమతి నిషేధం, విమానాశ్రయంలోనే కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటారు.

పక్కింటి మేడ మీద బట్టలు మార్చుకునే స్త్రీని కెమెరాలో పట్టడం తుంటరితనం కాదు, న్యాయ సంహిత సెక్షన్ 77 కింద నేరం. మొదటిసారే కనీసం ఏడాది, గరిష్ఠం మూడేళ్లు. ఐటీ చట్టం 66ఈ కూడా తోడవుతుంది. ఈ విషయంలో ఎవరి మీదా జాలి చూపక్కర్లేదు. రక్షణ స్థావరాల మీద గూఢచర్యం అనే కోణం వస్తే 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద శిక్ష 14 ఏళ్ల దాకా వెళ్తుంది.

పోలీసులు ఆపితే వెంటనే దింపండి. వీడియో చెరిపేయవద్దు, సాక్ష్యం నాశనం చేయడం మరో నేరం. స్వాధీనం చేసుకునేటప్పుడు బీఎన్ఎస్ఎస్ 105 ప్రకారం వీడియో తీయాలి. పంచనామాలో డ్రోన్ సీరియల్ నంబరు, కంట్రోలర్, మెమరీ కార్డు, బ్యాటరీలు ఎన్నో విడివిడిగా రాయించి జాబితా ప్రతి అడగండి. తర్వాత మేజిస్ట్రేట్ ముందు బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 503 కింద తిరిగి ఇప్పించమని పిటిషన్ వేయవచ్చు. కొన్న బిల్లు, యూఐఎన్ (డ్రోన్ రిజిస్ట్రేషన్ నంబరు) కాగితం లేకపోతే ఇక్కడే ఆగిపోతారు. లిథియం బ్యాటరీ నెలల తరబడి మూలన పడి ఉంటే ఉబ్బిపోతుంది కనుక పిటిషన్ ఆలస్యం చేయవద్దు.

పాత డ్రోన్ అమ్మేవాళ్లకు ఇంకొకటి. యూఐఎన్ బదిలీ చేయకుండా చేతికిచ్చేస్తే, కొన్నవాడు రెడ్ జోన్‌లో దొరికిన రోజు పోలీసులు మొదట తట్టేది మీ తలుపే. డబ్బు చేతిలో పడకముందే డీజీసీఏ పోర్టల్‌లో బదిలీ దరఖాస్తు పూర్తి చేయించండి.